ఎర్ర అంకెగా మారిన రోజు

కొత్త క్యాలెండరు చేతికి రాగానే మనం మొదట చూసేది ఏ పండుగ ఏ వారం పడిందని. ఆదివారం పడ్డ పండుగను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. శుక్రవారమో సోమవారమో పడితే అప్పుడే ప్రయాణాల లెక్కలు మొదలవుతాయి. ఆ ఎర్ర అంకె వెనక ఎవరున్నారో, అది నలుపులోంచి ఎరుపులోకి ఎప్పుడు మారిందో పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది? సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్లదొరల పటాలాలు తిరుగుతున్న కాలం నుంచీ లష్కర్ బోనాలు జరుగుతూనే ఉన్నాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ అంది. ఆ మాటతో అమ్మవారికి కొత్తగా వచ్చిన మహిమ ఏమీ లేదు, ఎత్తే బోనమూ మారలేదు. అయినా జనం సంబరపడ్డారు. అమ్మవారి దగ్గర ఎప్పుడూ ఉన్న చోటు సర్కారు దగ్గరా దొరికినందుకు అయి ఉంటుంది ఆ సంబరం.

సర్కారు ముద్ర గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు మన పండుగల మీంచి జారి సముద్రాల అవతలికి పోతుంది. ఫిజీకి. దేశం మొత్తం జనాభా 9 లక్షల పైచిలుకు. మన విజయవాడ ఒక్కటే దాన్ని మించిపోతుంది. ఆ దేశ ప్రభుత్వం 2023లో మే 14ను గిర్మిట్ దినమని జాతీయ సెలవు ఇచ్చింది. ఆ ఏడు 14వ తేదీ ఆదివారం పడింది కాబట్టి మర్నాడు సోమవారం కచేరీలు, బళ్లు మూసేశారు. గిర్మిట్ అంటే అగ్రిమెంటు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసి చెరకు తోటలకు పోయినవాళ్లు గిర్మిటియాలు. వాళ్ల మునిమనవలు ఎన్నో ఏళ్లుగా తమలో తాము చేసుకుంటున్న తద్దినంలాంటి ఉత్సవానికి అలా ప్రభుత్వం తన క్యాలెండరులో చోటిచ్చింది.

అసలు ఆ తేదీన జరిగిందేమిటి? 1879 మార్చి మొదట్లో కలకత్తా రేవులో లియోనిడాస్ అనే ఓడ 498 మందిని ఎక్కించుకుని బయల్దేరింది. దారిలో కలరా, మశూచి, రక్తవిరేచనాలు. మే 14న, బుధవారం, అప్పటి రాజధాని లెవుకా దగ్గర లంగరు వేసేసరికి మిగిలింది 463 మంది. వాళ్లనూ ఊళ్లోకి రానివ్వలేదు. జబ్బులు అంటుకుంటాయని పక్కనే ఉన్న యనుద లైలై అనే చిట్టి దీవి మీద దించి, సుమారు మూడు నెలలు కాపలా పెట్టారు. అక్కడ మరికొందరు పోయారు. కాబట్టి మే 14 నిజానికి నేల మీద అడుగు పెట్టిన రోజు కూడా కాదు, నేల కంటికి ఆనిన రోజు. చరిత్ర ఇంత ఇరుగ్గా ఉంటుంది. ఉత్సవాలకు మాత్రం విశాలమైన మైదానం కావాలి.

వాళ్లనే ఎందుకు తెచ్చారన్నది ఇంకో కథ. ఫిజీ పెద్దలు 1874 అక్టోబరు 10న తమ దీవుల్ని బ్రిటిష్ రాణికి అప్పగించారు. ఆ మరుసటి ఏడే తట్టు వ్యాపించి మూలవాసులు దాదాపు 40 వేల మంది పోయారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో పనిచేసి వచ్చినవాడు. చెరకు తోటల్లో భారతీయ కూలీల చేత ఎలా పని చేయించుకోవచ్చో దగ్గరుండి చూశాడు. ఫిజీ మూలవాసుల్ని తోటల్లోకి ఈడ్చకూడదు, వాళ్ల భూముల్ని తెల్లవాళ్లు కొనకూడదు అని కట్టడి చేశాడు. మంచిదే. కానీ ప్రభుత్వం నడవాలంటే డబ్బు కావాలి, డబ్బుకు చెరకు కావాలి, చెరకుకు చేతులు కావాలి. ఒకరి ఊరు చెదరకుండా కాపాడటానికి వేల మైళ్ల అవతల ఇంకొకరి ఊరు చెదిరింది. గోర్డన్‌ను పొగిడేవాళ్లు మొదటి సగం దగ్గర ఆగిపోతారు, తిట్టేవాళ్లు రెండో సగం దగ్గర మొదలుపెడతారు.

1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు మంది ఇలా వచ్చారు. చివరి ఓడ సట్లెజ్ 1916 నవంబరులో చేరింది. తోటల్లో సింహభాగం కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీది. ఆస్ట్రేలియా కంపెనీ అది. అందరూ దాన్ని సీఎస్సార్ అనేవారు.

ఆ గిర్మిట్ కాగితంలోని షరతులు ఒకసారి నిదానంగా చదివితే, దాన్ని రాసినవాడికి రోజు అనే వస్తువు మీద ఎంత పట్టుందో తెలుస్తుంది. పని గడువు అయిదేళ్లు. వారంలో అయిదు రోజులు తొమ్మిది గంటల చొప్పున, శనివారం అయిదు గంటలు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. మొదటి ఆరునెలలు తిండి గింజలు కంపెనీయే ఇచ్చి, రోజుకు నాలుగు పెన్నీలు కూలిలో కోసుకుంటుంది. అయిదేళ్లయ్యాక సొంత ఖర్చుతో తిరిగి పోవచ్చు. పదేళ్లుంటే ప్రభుత్వమే ఉచితంగా ఓడ ఎక్కిస్తుంది. ఆ షరతుల్లోనే ఒకచోట, ఆదివారాలు, ప్రభుత్వం అనుమతించిన సెలవు దినాలు తప్ప మిగతా రోజులన్నీ పని చేయాలని ఉంది. అంటే సెలవన్న మాట వాళ్లకు కొత్తది కాదు. అది కాగితంలో ఉంది.

కాగితంలో ఉన్నది చేలో ఉండేది కాదు. పని గంటల లెక్కన కాక ‘టాస్కు’ లెక్కన ఇచ్చేవారు. ఇన్ని చాళ్లు కలుపు తీయాలి, ఇంత పొడవు కాలవ తవ్వాలి అని ఓవర్సీరు పొద్దున్నే కొలిచి పోతాడు. గట్టి మనిషి పొద్దువాలే లోపు ముగించగలిగేంత కొలత అది. బక్కవాడికి చీకటి పడినా తెమలదు. తెమలకపోతే ఆ రోజు కూలి లేదు. ఒంట్లో బాగాలేక పడుకుంటే డాక్టరు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అది పనికి ఎగ్గొట్టడం కిందికి వస్తుంది. ఎగ్గొట్టడం అక్కడ క్రమశిక్షణ లోపం కాదు, నేరం. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జరిమానా వేసేవారు, జైలుకు పంపేవారు. అన్నిటికన్నా దారుణమైనది ఇంకొకటి. రాని రోజుల్ని, జైల్లో గడిపిన రోజుల్ని అయిదేళ్ల గడువు చివర్న కలిపేవారు. నలభై రోజులు పోయాయంటే అయిదేళ్లకు నలభై రోజులు తోక. కలగలిసిపోయిన రోజుల్లోంచి ఒక్కొక్కటీ ఏరి ఖాతాలో రాసిపెట్టుకున్న ఆ గుమాస్తాల ఓపికకు దండం పెట్టాలి.

అలా ఒక్క రోజు రాకపోతే నేరస్తులైన మనుషుల పేరున ఇవాళ దేశమంతా ఒక రోజు పనికి రాకుండా ఉంటుంది. జీతం కోత లేదు, కోర్టు లేదు. దీన్ని చూసి నవ్వాలా, కళ్లొత్తుకోవాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. నా మట్టుకు నాకు, ఎన్ని విగ్రహాలు పెట్టినా ఇంతకన్నా తగిన నివాళి తోచదు. అప్పుల ఖాతాలో కొట్టేయని పద్దును నూరేళ్ల తర్వాత ఎవరో కొట్టేసినట్టుంటుంది.

ఇక మనవాళ్ల సంగతి. మొదటి పాతికేళ్లు ఓడలన్నీ కలకత్తా నుంచే పోయాయి. కూలీలు ఎక్కువమంది తూర్పు ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. అక్కడి నుంచి పోయిన సుమారు 15 వేల మందిలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక పాసు ఉండేది. వెడల్పాటి అచ్చు కాగితం, ఖాళీల్లో గుమాస్తా చేతిరాత. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు పేరు, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు అడుగుల్లో అంగుళాల్లో, ఒంటి మీది గుర్తులు. కింద ఇతనికి ఏ రోగమూ లేదు, టీకా వేశాం, ప్రయాణానికి పనికొస్తాడని డాక్టరు సంతకం. మోకాలి మీద గాయపు మచ్చ, నుదుట పుట్టుమచ్చ వంటివి ఆ గళ్లో పడతాయి. ఇంట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియని మచ్చలు సర్కారు రికార్డులోకి ఎక్కింది ఆ కాగితం వల్లే. ఎందరి విషయంలోనో వాళ్ల గురించి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క రాత అది.

ఓడ దిగేసరికి మనవాళ్లందరూ మద్రాసీలు. తమిళం వేరు, తెలుగు వేరు అనే తేడా కూలీల మీది మేస్త్రీ అయిన సర్దారుకు అక్కర్లేదు. తోటల్లో చెలామణీ అయ్యేది హిందీ. ఓవర్సీరు అరిచినా, సర్దారు తిట్టినా, పక్క గదిలోవాడు నీళ్లు అడిగినా హిందీలోనే. గదులని మాటవరసకు అనడమే. కూలి లైన్లలో ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో పెళ్లికాని మగవాళ్లు ముగ్గురు, లేదా ఒక సంసారం మొత్తం. రెండు గదుల మధ్య గోడ కప్పు దాకా ఉండదు, పైన ఇనుప జాలీ. ఈ పక్క పసిపిల్ల ఏడిస్తే ఆ పక్కవాళ్లకు నిద్ర ఉండదు. నూరుమంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లన్న లెక్కన ఓడలు నింపేవారు, దాంతో వచ్చిన చిక్కులు చెప్పనలవి కానివి. ఉరి పోసుకున్నవాళ్ల నిష్పత్తి గిర్మిట్ వలసలన్నిటిలోకీ ఫిజీలో ఎక్కువ. చుట్టూ ఉన్నవాళ్ల భాష తెలియని మనిషికి ఆ గది మరీ ఇరుకనిపించి ఉంటుంది.

అయినా నిలబడ్డారు. 1926లో సాధు కుప్పుస్వామి పూనికతో నాందీలో దక్షిణాదివాళ్ల సంగం ఏర్పడింది. బళ్లు పెట్టారు, గుళ్లు కట్టారు. తర్వాత 1941లో తెలుగువాళ్లు మనకంటూ ఒకటి ఉండాలని ఆంధ్ర సంగం వేరే పెట్టుకున్నారు. ఇద్దరు తెలుగువాళ్లుంటే మూడు సంఘాలని మనలో మనం హాస్యమాడుకుంటాం గానీ, ఇక్కడ దాన్ని వెక్కిరించడానికి నాకు మనసొప్పదు. మూడు తరాలుగా ఇంట్లో హిందీ మాట్లాడుతూ కూడా మేం ఆంధ్రులమని బోర్డు రాసి పెట్టుకోవడానికి కొంత మొండితనం కావాలి. భాష పోయింది. ఇంటిపేర్లలో, ఒంటిపేర్లలో మాత్రం నాయుళ్లు, రెడ్లు, రావులు, అప్పలస్వాములు మిగిలారు.

ఇన్నాళ్ల తర్వాత ఉత్సవం చేసుకుంటున్నారంటే ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటూ వచ్చారనుకునేరు. చాలా ఇళ్లలో ఆ మాటే ఎత్తేవారు కాదు. కూలి అనిపించుకున్న మనిషి మనవడు టీచరయ్యాడు, వకీలయ్యాడు. తాత వీపు మీద కొరడా దెబ్బలున్నాయని పెళ్లివారి ముందు ఎవరు చెప్పుకుంటారు? తాతలూ చెప్పలేదు. దళారీ మాయమాటలు నమ్మి వచ్చామని ఒప్పుకోవడం ఎవరికైనా నామోషీయే. ఆ కాలాన్ని వాళ్లు నరకమనేవారు, అంతటితో ఊరుకునేవారు. తోతారాం సనాఢ్య వంటి ఒకరిద్దరు తిరిగి వెళ్లి పుస్తకం రాశారు గనక బయటపడింది. 1979లో, లియోనిడాస్ వచ్చి నూరేళ్లయినప్పుడు పెద్ద ఎత్తున శతాబ్ది జరిగింది. అప్పటికి బతికున్న గిర్మిటియాలను వెతికి పట్టుకుని దండలు వేశారు. ఆ దండలతోనే సిగ్గు కాస్త పక్కకు జరిగిందనుకుంటాను.

అది జరిగిన ఎనిమిదేళ్లకు 1987 మే 14 వచ్చింది.

ఆ రోజు గురువారం. పొద్దున పది గంటలకు సువాలోని పార్లమెంటులోకి ముసుగులు వేసుకున్న సైనికులు తుపాకులతో చొరబడ్డారు. వాళ్లను నడిపించినవాడు సైన్యంలో మూడో స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబూకా. అప్పటికి డాక్టర్ బవాంద్రా ప్రధానిగా గద్దెనెక్కి నెల దాటి ఒక్క రోజు. బవాంద్రా మూలవాసే. కానీ మంత్రివర్గంలో భారతీయులు ఎక్కువగా ఉన్నారు, మూలవాసుల హక్కులకు ముప్పొచ్చిందన్నది రంబూకా వాదం. అది మొదలు వేల కుటుంబాలు ఆక్లండ్, సిడ్నీ, వాంకూవర్ దారి పట్టాయి. డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు ముందు వెళ్లారు. ఒకప్పుడు జనాభాలో సగం ఉన్న భారత సంతతి ఇప్పుడు మూడో వంతు. 2000లో మరో కుట్ర, అదీ మే నెలలోనే. మొదటి భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌధురిని 56 రోజులు బందీగా పెట్టారు. ఇక మే 14 అనగానే గుర్తు రావాల్సింది లియోనిడాసా, తుపాకులా? ఒకే తేదీ మీద రెండు రాకలు పడ్డాయి. మొదటిదాన్ని తలుచుకోబోతే రెండోది అడ్డం వచ్చేది.

ఇక్కడ జైరాం రెడ్డి గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. చాలాకాలం భారత సంతతి వాళ్ల నాయకుడు, మాటలో నిదానం ఉన్న వకీలు. తన జాతివాళ్లను గద్దె దింపిన రంబూకాతోనే కూర్చుని 1997లో కొత్త రాజ్యాంగం కుదిర్చాడు. మూలవాసుల పెద్దల మహాసభలో మాట్లాడిన మొదటి భారతీయుడు ఆయనే. 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. రాజీ పడ్డవాడికి రెండు వైపులా చోటుండదన్న సామెతలాంటి నిజం ఆయన మీద రుజువైంది. ఆ తర్వాత రువాండా మారణకాండ మీద విచారణ జరిపిన అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జిగా చేశాడు. 2022లో కన్నుమూశాడు. ఎర్ర అంకెను చూడకుండానే.

ఆ ఏడాది ఆఖరున జరిగిన ఎన్నికల తర్వాత పార్లమెంటులో 28–27తో, ఒక్క ఓటు తేడాతో ప్రధాని అయినవాడు ఎవరనుకున్నారు? అదే రంబూకా. ఈసారి జైరాం రెడ్డి ఒకప్పుడు నడిపిన పార్టీ ఆయన సంకీర్ణంలో భాగస్వామి. 2023 మే 14న సువాలో చర్చివాళ్లు జరిపిన రాజీ ప్రార్థన సభలో రంబూకా లేచి, తన తరఫునా, 1987లో తనతో ఉన్నవాళ్ల తరఫునా భారత సంతతి ప్రజల్ని క్షమించమని అడిగాడు. గిర్మిట్ దినానికి సెలవిచ్చిందీ ఆయన ప్రభుత్వమే. తేదీని లాక్కున్న చేయే దాన్ని తిరిగిచ్చింది. నిజంగా మనసు మారిందా, ఓట్ల లెక్కా అని అక్కడి పత్రికల్లో చర్చ నడిచింది. నడవాల్సిందే. డెబ్బై అయిదేళ్లకు చేరువవుతున్న మనిషి జనం ముందు నిలబడి తప్పయిందనడం రాజకీయమే అయినా, అలాంటి రాజకీయం మన దగ్గర ఎన్నడు చూశాం?

నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటుంది. మిగిలిన గిర్మిట్‌లన్నీ రద్దయింది 1920 జనవరి 1న. అది విడుదలైన రోజు. సంబరం చేసుకోవాలంటే అదే కదా చేసుకోవాలి? చేసుకోలేదు. ఓడ వచ్చిన రోజునే ఎంచుకున్నారు. ఫిజీలోనే కాదు. ట్రినిడాడ్ మే 30, గయానా మే 5, సురినాం జూన్ 5, మారిషస్ నవంబరు 2. అన్నీ రాక దినాలే. మారిషస్‌లో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఆఫ్రికా బానిసల వారసులకు ఫిబ్రవరి 1 సెలవు, అది బానిసత్వం పోయిన రోజు. భారతీయ కూలీల వారసులకు నవంబరు 2 సెలవు, అది మొదటి ఓడ వచ్చిన రోజు. ఒకరు సంకెళ్లు తెగిన రోజును తలుచుకుంటే, ఒకరు సంకెళ్లలోకి నడిచిన రోజును తలుచుకుంటున్నారు.

దీన్ని వెర్రి అనుకోవచ్చు. నాకు అలా తోచదు. మీరు ఇక్కడివాళ్లు కాదు, పొండి అనే మాట ఏదో ఒక రోజు వినాల్సి వచ్చినవాళ్లకు, ఎప్పటి నుంచి ఇక్కడున్నామన్నదే పెద్ద ప్రశ్న. దానికి జవాబు విడుదలైన తేదీలో దొరకదు, వచ్చిన తేదీలోనే దొరుకుతుంది. 1879 అంటే నూట నలభై ఏళ్లు దాటింది. ఇన్ని తరాలుగా ఉన్నవాళ్లను పరాయివాళ్లు అనడం కష్టం. ఫిజీ సర్కారు ఆ తేదీకి ఎర్ర రంగు పూసిందంటే, మీరు వచ్చారన్నది ఒప్పుకోవడం మాత్రమే కాదు, ఉన్నారన్నదీ ఒప్పుకోవడం. అందుకే ఆ సెలవు విలువ నా దృష్టిలో కవాతులతో, కూరల పోటీలతో, వేదిక మీది నాట్యాలతో తగ్గదు. ఉత్సవమన్నాక కొంత తిరనాళ్ల గోల ఉంటుంది, దానికి మూతి ముడుచుకోవడం దేనికి?

తగ్గేది భూమి దగ్గర. దేశంలో ఎనభై శాతానికి మించిన నేల ఇతౌకేలది, అంటే మూలవాసుల వంశాలది. భారత సంతతి రైతు దాన్ని ముప్పయ్యేళ్ల కౌలుకు తీసుకుని చెరకు వేస్తాడు. 1997 నుంచి ఆ గడువులు తీరడం మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు ఇల్లూ చేనూ వదిలి పట్నాల అంచులకు చేరాయి. విచిత్రమేమిటంటే అదే 2023 మేలో ప్రభుత్వం ఇంకో పాత సెలవును కూడా తిరిగి తెచ్చింది. అది రాతూ సుకుణా దినం. మూలవాసుల భూములు చెయ్యి జారకుండా ట్రస్టు కట్టించిన పెద్దమనిషి ఆయన. భూమిని కాపాడినవాడికి ఒక సెలవు, భూమి లేకుండా దాన్ని దున్నినవాళ్లకు ఒక సెలవు, రెండూ ఒకే నెలలో. ఆ రెండు ఎర్ర అంకెల మధ్య ఉన్న తగువు ఏ మంత్రివర్గ తీర్మానంతోనూ తీరేది కాదు.

అలాగని వాళ్లిద్దరి మధ్యా తగువే ఉందనుకోకూడదు. 1884 మేలో సిరియా అనే ఓడ నసిలై దగ్గర పగడపు దిబ్బల మీద పడి పగిలిపోయింది. 59 మంది పోయారు. వైద్యాధికారి విలియం మెక్‌గ్రెగర్ పడవలు కట్టించుకుని వెళ్లి జనాన్ని లాగాడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. ఆయనతో పాటు నీళ్లలో దిగి మనుషుల్ని ఒడ్డుకు చేర్చిన ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్నారు. చచ్చిపోయినవాళ్లను వాళ్లు తమ నేలలోనే పూడ్చారు. కౌలు పత్రం లేకుండా ఆ నేలలో చోటు దొరికింది వాళ్లకే.

మరి పంపించిన ఒడ్డున ఏముంది? మా ఉత్తరాంధ్రలో రంగం పోయినవాళ్ల కథలు లేని ఊరుండదు. రంగూన్‌ను అలాగే అనేవారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లందరూ కోరంగీలే అయ్యారు. మారిషస్‌లోనూ ఆ పేరు పాకింది. అక్కడి ప్రభుత్వం ఉగాదికి కూడా సెలవిస్తుంది. 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయిన మొదటి ఓడ ట్రూరో బయల్దేరింది మద్రాసు నుంచే. ఇన్ని ఓడలు పోయాయి. రాక దినాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి, పోక దినం మాత్రం మనకెక్కడా లేదు. ఉండాలని నేను అనను. మన క్యాలెండరులో ఎర్ర అంకెలకు కొదవ లేదు, ఉన్నవాటికే మనం పూర్తిగా న్యాయం చేయడం లేదు.

చేయగలిగిన చిన్న పని మాత్రం ఒకటుంది. ఆ పాసులు ఫిజీ ప్రభుత్వ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. మునిమనవలు వాటి నకళ్లు తీసుకుని మా ఊరు ఏదని వెతుక్కుంటున్నారు. మద్రాసు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసిన పేర్లవి. జిల్లా గడిలో వైజాగపటం అని ఉంటే ఆ నాటి జిల్లాలోంచి ఇప్పటికి ఆరేడు జిల్లాలు పుట్టాయి, కొంత ముక్క ఒడిశాలో ఉంది. గంజాం అని ఉంటే అది పూర్తిగా ఒడిశా అనుకుని వదిలేస్తారు. చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, 1936 దాకా గంజాం జిల్లాలోదేనని వాళ్లకెలా తెలుస్తుంది? తాలూకాలు 1985లో మండలాలయ్యాయి. 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. ఆక్లండ్‌లో కూర్చున్న ఒక అప్పలస్వామి మునిమనవరాలికి ఇంటర్నెట్టులో ఎంత వెతికినా దొరకని ఊరు, పాత తాలూకాల్లో తిరిగిన రిటైరైన పోస్టుమేనుకో, కరణీకం చేసిన ఇంటి పెద్దకో చూపిస్తే, వంకర స్పెల్లింగులోంచి కూడా ఇట్టే పోల్చుకుంటారు. అలాంటివాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు, వయసు మీద పడుతోంది. వాళ్ల ముందు ఆ నకళ్లు పరిచే ఏర్పాటు ఏ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ అయినా రెండు బల్లలు, ఒక స్కానరుతో మొదలుపెట్టొచ్చు.